ఆకుటాన్ జీరో వల్ల హెల్‌క్యాట్ పుట్టలేదు

రెండో ప్రపంచ యుద్ధంలో పట్టుబడిన జపాన్ యుద్ధవిమానం ‘జీరో’ను చూసే అమెరికా తన యుద్ధవిమానం హెల్‌క్యాట్‌ను రూపొందించిందని మీ వ్యాసంలో రాశారు. ఇది చాలా చోట్ల కనిపించే పొరపాటు, దయచేసి సరిచేయండి. హెల్‌క్యాట్ తొలి నమూనా 1942 జూన్ 26నే ఎగిరింది. అలాస్కాకు చెందిన అలూషియన్ దీవుల్లోని ఆకుటాన్‌లో ఆ జీరో అమెరికన్ల కంటపడింది జులై 10న.

అలాగని దాని విలువ తక్కువేమీ కాదు. శాన్ డియాగోలో తోకనూ రెక్కల కొసలనూ బాగుచేసి, అమెరికా గుర్తులు వేసి సెప్టెంబరులో ఎగరేశారు. పరీక్షా పైలట్ ఎడీ శాండర్స్ మొదటి రోజే దాని బలహీనతలు పట్టేశాడు. వేగం 200 నాట్లు (గంటకు సుమారు 370 కి.మీ.) దాటితే రెక్కల మీది ఐలరాన్లు, అంటే విమానాన్ని పక్కకు దొర్లించే పలకలు, బిగుసుకుపోయేవి. కుడివైపు దొర్లడం మరీ కష్టం. ముక్కును ఒక్కసారిగా కిందికి తోస్తే ఇంధనాన్ని గాలితో కలిపి ఇంజనుకు పంపే ఫ్లోట్ కార్బురేటర్ కారణంగా ఇంజను ఆగిపోయేది. జీరో వెంటపడితే వేగంగా కిందికి దూకి కుడికి దొర్లాలని పైలట్లకు చెప్పగలిగింది అందుకే. ఒక్క కొత్త విమానం యుద్ధరంగానికి చేరకముందే ప్రాణాలు కాపాడే సమాచారం అది!

వ్యాసంలో ఆ జీరో పైలట్ కోగా పేరే లేకపోవడం నాకు బాధ కలిగించింది. తడయోషి కోగాకు 19 ఏళ్లు. నూనె గొట్టం దెబ్బతిని, పచ్చిక మైదానమనుకుని బురదనేల మీద దిగాడు. చక్రాలు కూరుకుపోయి విమానం తిరగబడింది. అతను మెడ విరిగి చనిపోయాడు. అలా దిగిన విమానాన్ని శత్రువుకు దక్కకుండా నాశనం చేయాలి. కానీ బతికే ఉన్నాడేమోనన్న ఆశతో పైనున్న సహచరులు కాల్పులు జరపలేకపోయారు.