58 శాతం మెమోతో ఎక్కడిదాకా?

ఓసీ కుర్రాడు. బీటెక్‌లో 58 శాతం. ఎంటెక్ ప్రవేశాలకు రాసే గేట్‌లో మంచి స్కోరే వచ్చింది. అయినా ఎన్‌ఐటీల్లో ఎంటెక్ సీట్లిచ్చే సీసీఎంటీ కౌన్సెలింగ్‌కు అర్హత లేదు. అక్కడ జనరల్ అభ్యర్థులకు 60 శాతమో 6.5 సీజీపీఏనో ఉండాలి; ఎస్సీ, ఎస్టీలకు 55 లేదా 6.0. 'మార్కులదేముందిరా, తెలివుంటే చాలు' అని ఓదార్చే చుట్టాలకు ఈ రెండు శాతం సంగతి తెలీదు.

అలాగని దారులన్నీ మూసుకుపోలేదు. గేట్ రాయడానికి డిగ్రీలో ఇన్ని మార్కులుండాలన్న నిబంధన లేదు. ఆ స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. రెండు తెలుగు రాష్ట్రాల్లో ఎంటెక్ సీట్ల కోసం పెట్టే పీజీఈసెట్‌లకు ఓసీలకైనా 50 శాతం చాలు. చాలామంది గమనించని విషయం ఇంకోటుంది. 2022 నాటి యూజీసీ నిబంధనల ప్రకారం నాలుగేళ్ల డిగ్రీతోనే నేరుగా పీహెచ్‌డీలో చేరాలంటే 75 శాతం ఉండాలి. పీజీ చేసి వస్తే పీజీలో 55 చాలు. కొన్ని సంస్థలు ఇంకా ఎక్కువ అడుగుతాయి, అది వేరే మాట. మొత్తమ్మీద ఎంటెక్ మెమో చేతికొచ్చాక బీటెక్ మెమోకి అంత పలుకుబడి ఉండదు.

అసలు మార్కులెందుకు తగ్గాయి? ఇంటర్‌లో హాస్టల్ గంట కొడితే చదివి, బీటెక్‌లో అడిగేవాళ్లు లేక జారిపోయినవాళ్లున్నారు. తెలుగు మీడియం నుంచి వచ్చి, మొదటి ఏడాదంతా పాఠం అర్థం చేసుకోవడంతోనే సరిపోయినవాళ్లున్నారు. అందరి మెమోలూ ఒకేలా కనిపిస్తాయి. పీజీలో మాత్రం వాళ్లు నిలబడే తీరు ఒకేలా ఉండదు.

ఈ మాటలొచ్చినప్పుడల్లా జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గుర్తొస్తారు. 1895లో భీమవరంలో పుట్టిన ఆయన మెట్రిక్ మూడో ప్రయత్నంలో గట్టెక్కారు. మద్రాస్ మెడికల్ కాలేజీలో ఖద్దరు కట్టడం సర్జరీ ప్రొఫెసర్‌కు నచ్చలేదంటారు. చివరికి ఎంబీబీఎస్ బదులు దానికంటే తక్కువదైన ఎల్‌ఎంఎస్ ఇచ్చి పంపారు. 1920ల మొదట్లో అమెరికాలోని బోస్టన్ చేరి, ఖర్చుల కోసం ఆసుపత్రిలో రాత్రిపూట పనిచేస్తూ హార్వర్డ్‌లో చదివారు. 1930లో పీహెచ్‌డీ అందుకున్నారు. ఈ కథ చెప్పి 'మార్కులు అక్కర్లేదు' అనడం నాకు నచ్చదు. ఆయనకు పట్టా తగ్గింది చదువు రాక కాదు. హార్వర్డ్‌లో ఆయన్ని నిలబెట్టింది ల్యాబ్. అక్కడి శాస్త్రవేత్త ఫిస్కేతో కలిసి 1925లో ప్రచురించిన, భాస్వరం కొలిచే పద్ధతి ఇప్పటికీ వాళ్లిద్దరి పేరుతోనే ఉంది. ఒకే సమస్యను పట్టుకుని వదలకపోవడం ఏ మెమోలోనూ కనిపించదు.

పీజీ అడిగేదీ అదే. బీటెక్‌లో సెమిస్టర్‌కు ఐదారు సబ్జెక్టులు, పరీక్ష ముందు రాత్రి ఆల్ ఇన్ వన్ గైడు. ఎంటెక్ రెండో ఏడాదిలో ప్రధానంగా ఒకటే థీసిస్. బీటెక్‌లో యావరేజ్ అనిపించుకున్నవాడు ఇక్కడ నెమ్మదిగా కుదురుకోవడానికి కారణం ఇదే.

కాకపోతే రెండో ఏడాది రావాలంటే ముందు మొదటి సెమిస్టర్ దాటాలి. అక్కడే టెన్షన్. బీటెక్ మొదటి ఏడాది లెక్కల పేపరు ఎం-1ని సప్లీలో ఎలాగోలా దాటించినవాడికి, అందులోని ఐగన్ విలువలు మెషిన్ లెర్నింగ్ క్లాసులో మళ్లీ ఎదురవుతాయి. ఈసారి ఇంపార్టెంట్ ప్రశ్నల లిస్టు ఇచ్చే సీనియర్ ఉండడు. సీటు వచ్చాక క్లాసులు మొదలయ్యేదాకా ఉండే నెలా రెండు నెలలు చాలామంది ఊళ్లో తిరగడానికి వాడతారు. ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటెల్‌లో లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ పాఠాలు ఉచితంగా ఉన్నాయి. బీటెక్ మొదటి ఏడాది అప్పు తీర్చుకోవడానికి దొరికే ఆఖరి ఖాళీ అదే.

పీజీ సీటు ఇంటర్వ్యూ ఉంటే అందులో 'మార్కులెందుకు తగ్గాయి' అని అడగొచ్చు. ఇంట్లో పరిస్థితుల గురించి పది నిమిషాలు చెబితే ఎదుటివాళ్లు మర్యాదగా వింటారు, అంతే. 'మొదటి రెండేళ్లు సరిగా చదవలేదు సార్. సిగ్నల్స్ సబ్జెక్టు మాత్రం మళ్లీ మొదట్నుంచి చదివాను, అందులో అడగండి' అన్నవాడితో సంభాషణ ముందుకెళ్తుంది. అలా అన్నాక జవాబు మాత్రం రావాలి.