మెట్ల మొదట్లో బండి

మాది నెల్లూరు వేదాయపాళెంలో నాలుగంతస్తుల అపార్ట్‌మెంట్. కింద పార్కింగ్, పైన పదహారు ఇళ్లు, అందరికీ ఒకటే మెట్లదారి. ఎలక్ట్రిక్ స్కూటర్లు కింద పెట్టకూడదని సెక్రటరీ మాస్టారు నోటీసు అంటించారు. మూడో అంతస్తు నర్సమ్మ ఒప్పుకోలేదు. ఆదివారం మీటింగ్‌లో ఇద్దరికీ నడిచిన వాదన ఇది.

నర్సమ్మ: నైట్ డ్యూటీ చేసి తెల్లారి వచ్చేదాన్ని మాస్టారూ. బండి రోడ్డు మీద వదిలేసి నేనెలా నిద్రపోయేది?

మాస్టారు: నీ మీద కోపం కాదమ్మా. సికింద్రాబాద్ సంగతి నన్ను వదలడం లేదు. 2022 సెప్టెంబర్ 12 రాత్రి. కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూం, పైన లాడ్జి. పొగ మెట్లదారి పట్టుకుని పైకెక్కింది. ఎనిమిది మంది పోయారు. మనదీ అదే వరస కదా? కింద బండ్లు, పైన మనుషులు.

నర్సమ్మ: అక్కడ షోరూం నిండా బండ్లు. ఇక్కడ మూడు. పెట్రోలు బండ్లు ఇరవై దాకా ఉన్నాయి. పెట్రోలు అంటుకోదా?

మాస్టారు: అంటుకుంటుంది. కానీ బ్యాటరీ తీరు వేరు. లోపల ఒక సెల్ పాడై వేడెక్కితే ఆ వేడి పక్కదానికి, దాన్నుంచి ఇంకోదానికి పాకుతుంది. మన గోడకున్న, మంటలార్పే పౌడర్ సిలిండర్ పైమంటను అణచినా లోపలి వేడిని తగ్గించలేదు. నీళ్లు కుమ్మరిస్తూ చల్లార్చాలి. ఆరిందనుకున్నాక గంటల తర్వాత కూడా మళ్లీ రాజుకోవచ్చు. ఫైరింజను మన సందులోకి రావాలంటే ముందు అడ్డంగా పెట్టిన కార్లు తీయించాలి.

ఈ మాటకు మీటింగ్‌లో ఎవరూ నోరెత్తలేదు. ఆ కార్లలో ఒకటి మాది.

నర్సమ్మ: నిజమే. అలాంటప్పుడు మనం ఆర్పడానికి పోకూడదు. 101కి ఫోన్ చేసి మనుషుల్ని దించాలి. కానీ మీ నోటీసు పడ్డాక ఏమైందో చూశారా? రెండో అంతస్తు అబ్బాయి బండికి ఊడదీసే బ్యాటరీ. ఆ రోజు నుంచీ దాన్ని ఇంట్లోకి మోసుకెళ్లి మంచం పక్కనే చార్జింగ్ పెడుతున్నాడు. 2022 ఏప్రిల్‌లో విజయవాడలో పడకగదిలో చార్జింగ్ పెట్టిన బ్యాటరీ పేలి ఇంటాయన పోయారు. అదే నెలలో నిజామాబాద్‌లో ఇంట్లో చార్జింగ్‌లో ఉన్న బ్యాటరీ ఒక పెద్దాయనను బలి తీసుకుంది. కింద వద్దంటే అది పైకే వస్తుంది మాస్టారూ, పిల్లలు పడుకునే గదిలోకి.

మాస్టారు: ఆ సంగతి నాకు తోచలేదు.

నర్సమ్మ: ఆ ఏడాది ప్రమాదాలు చూశాకే కేంద్రం బ్యాటరీల నిబంధనలు గట్టి చేసింది. 2022 డిసెంబర్‌లో ఒక విడత, 2023 మార్చి చివర రెండో విడత. నా బండి ఆ తర్వాత కొన్నదే.

మాస్టారు: బండి మంచిదే అనుకుందాం. మరి ప్లగ్గు? మెట్ల మొదట్లో, మీటర్ బోర్డు పక్కన, ఎక్స్‌టెన్షన్ బాక్సుకు తగిలించి పైకెళ్లి పడుకుంటున్నావు. మొన్న మేలో ఆ బాక్సు ముట్టుకుంటే చేయి చుర్రుమంది. అంటుకుంటే ముందు మూసుకుపోయేది ఆ మెట్లే.

నర్సమ్మ: అది నా తప్పే. ప్లగ్గు అక్కడే ఉందని పెట్టాను. గేటు పక్కన ప్రహరీ వైపు జాగా ఇవ్వండి. నా మీటర్ నుంచే విడిగా లైను, 16 ఆంప్స్ పాయింటు, లోడెక్కువైతే కరెంటు ఆపేసే ఎంసీబీ, ఎర్తింగ్ వేయించుకుంటాను. ఎండలో తిరిగొచ్చిన బండిని చల్లారనిచ్చే పెడతాను.

మాస్టారు: గేటు దగ్గర వాన నీళ్లు నిలుస్తాయి. 2021 నవంబర్‌లో పెన్నా వరద చూశావుగా? మునిగిన బ్యాటరీ రోజుల తర్వాత కూడా అంటుకోవచ్చు.

నర్సమ్మ: అరుగు ఎత్తు చేయిద్దాం. మునిగితే మాత్రం మెకానిక్ చూసేదాకా బండి లోపలికి తేను. అయితే ఒక్క మాట. మెట్ల కింద నాలుగో అంతస్తు వాళ్ల పెయింట్ డబ్బాలున్నాయి, మీ పుస్తకాల అట్టపెట్టెలున్నాయి. నా బండి ఒక్కటి తీస్తే మెట్లు ఖాళీ కావు.

మాస్టారు: ముప్పై ఏళ్ల పుస్తకాలమ్మా అవి.

నర్సమ్మ: తెలుసు మాస్టారూ.

మాస్టారు చాలాసేపు మాట్లాడలేదు.

మాస్టారు: సరే. నోటీసు మార్చి రాస్తాను. మెట్ల దగ్గర ఏ బండీ వద్దు, పెట్రోలుదైనా సరే. అరుగు ఖర్చు సంగతి వచ్చే మీటింగ్‌లో చూద్దాం. మరి లైను పడేదాకా చార్జింగ్ ఎలా?

నర్సమ్మ: హాస్పిటల్ పార్కింగ్‌లో పాయింటు ఉంది, అడుగుతాను. ఆ అబ్బాయి బ్యాటరీ మాత్రం ఈ రాత్రికి మంచం పక్కన ఉండకూడదు. ఇప్పుడే వెళ్లి చెబుదాం, మీరూ రండి.