పెళ్లి 1-0-0, భోజనం తర్వాత

నెలనెలా పొత్తికడుపు నొప్పితో మెలికలు తిరిగిపోయే అమ్మాయిలకి మన దగ్గర ఒక గొప్ప మందుంది, మెడికల్ షాపులో దొరకదు, ఫంక్షన్ హాల్లోనే ఇస్తారు. "పెళ్లి చేసేయండమ్మా, అదే సర్దుకుంటుంది". మొన్న మళ్లీ విన్నా ఈ మాట. పక్కింటి పిన్నిగారు అంటే పోనీలే అనుకోవచ్చు, అన్నది బోర్డు మీద డిగ్రీలు రెండు లైన్లు పట్టిన డాక్టరమ్మ.

సరే, మందు అన్నాక పద్ధతిగా మాట్లాడుకోవాలి కదా. కాంపోజిషన్ ఏంటి, ఒక సాఫ్ట్‌వేర్ అబ్బాయి, ఆరొందల మందికి భోజనాలు, ఒక డీజే. ధర తండ్రి పీఎఫ్‌ని బట్టి. ట్రయల్స్ ఎక్కడ చేశారో, ఉత్తుత్తి మందు ఇచ్చిన గ్రూపుకి ఏమిచ్చారో, బహుశా నిశ్చితార్థంతో సరిపెట్టారేమో. సైడ్ ఎఫెక్ట్స్ మాత్రం ఎవరూ చెప్పరు. ఎండోమెట్రియోసిస్ ఉన్న చాలామందికి కలయికప్పుడే లోపల ప్రాణం పోయేంత నొప్పి వస్తుంది, అంటే నొప్పికి మందుగా నొప్పినే రాసిచ్చారన్నమాట. ఈ జబ్బులో గర్భసంచి లోపలి పొరలాంటిది సంచి బయట, అండాశయాల మీదా పేగుల మీదా పెరిగి కూర్చుంటే తాళిబొట్టు అక్కడికెళ్లి ఏం చేస్తుందో ఆ డాక్టరమ్మే చెప్పాలి.

అసలు రోగనిర్ధారణ జరిగేది ఆసుపత్రిలో కాదు, ఆదివారం మధ్యాహ్నం హాల్లో, టీవీ మ్యూట్‌లో పెట్టి. మెడికల్ బోర్డుకి అధ్యక్షురాలు మేనత్త. పెదనాన్న రిటైర్డ్ తహసీల్దార్ కాబట్టి స్కాన్ ఫిల్మ్ ట్యూబ్‌లైటుకి ఎదురుగా తలకిందులుగా పట్టుకుని, భూమి సరిహద్దులు చూసినట్టు చూసి, "నార్మల్ అని రాశాడు కదే, ఇంకేంటి నొప్పి" అని తీర్పు ఇచ్చేస్తారు. నాయనమ్మ "మూడ్రోజులు దూరం కూర్చోడం మానేశారు, అందుకే" అంటుంది. పిన్ని "మా రోజుల్లో ఇవన్నీ ఎక్కడివి, నొప్పొచ్చినా నాట్లకి పోయేవాళ్లం" అంటుంది, అప్పుడు కూడా నొప్పి వచ్చేదన్న సంగతి తనే ఒప్పుకున్నట్టయింది గానీ మినిట్స్‌లో ఎక్కలేదు. బాబాయ్ వాట్సాప్‌లో వాము కషాయం వీడియో ఫార్వర్డ్ చేస్తాడు, హాల్లోనే కూర్చుని, హాల్లో ఉన్నవాళ్లకే. పేషెంట్‌కి బోర్డులో సభ్యత్వం లేదు. లోపల హాట్ వాటర్ బ్యాగ్ పెట్టుకుని పడుకున్న పిల్లని లేపి బోర్డుకి టీలు పెట్టించారు. తీర్మానం ఏకగ్రీవం: శ్రావణంలో ముహూర్తాలున్నాయి.

ఆ నార్మల్ స్కాన్ సంగతి కూడా చెప్పుకోవాలి. బాటిళ్లకి బాటిళ్లు నీళ్లు తాగించి, బిగబట్టుకుని కూర్చోబెట్టి, పెళ్లికాలేదు కదా అని కడుపు పైనుంచే చూసి పంపిస్తారు. చాక్లెట్ సిస్ట్, అంటే అండాశయంలో పాత రక్తం నిండిన తిత్తి, ఉంటే కనబడొచ్చు, పైపొరల మీద చిన్నచిన్న మచ్చల్లా ఉన్నది మాత్రం స్కాన్‌కి చిక్కదు. నార్మల్ అని వచ్చినంత మాత్రాన జబ్బు లేనట్టు కాదు. 2022లో యూరప్ నిపుణుల సంఘం ఎష్రే ఇచ్చిన గైడ్‌లైన్ కూడా అదే చెప్తుంది. ముందు పిల్ల చెప్పేది వినండి, డేట్ టైంలో మోషన్‌కి వెళ్తే నొప్పా, యూరిన్‌కి వెళ్తే నొప్పా అడగండి, అనుమానం ఉంటే ఆపరేషన్ దాకా ఆగకుండా తనతో మాట్లాడి హార్మోన్ మాత్రలతో మొదలుపెట్టొచ్చు, స్కాన్‌లో ఏమీ లేకపోయినా, మాత్రలు పనిచేయకపోయినా, పడకపోయినా అప్పుడు లాపరోస్కోపీ, అంటే పొట్టకి చిన్న గాటు పెట్టి కెమెరాతో లోపల చూడటం. పొత్తికడుపు నొప్పి అంతా ఇదే అని కూడా కాదు, పేగులదో మూత్రాశయానిదో కావచ్చు, అదీ చూడాలి. దీనికి బోర్డు అభ్యంతరం ఒకటే: "హార్మోన్ బిళ్లలా, పెళ్లికాని పిల్లకా, ఎవరైనా చూస్తే?" దాంతో డైనోజెస్ట్ అనే ఆ హార్మోన్ మాత్రల స్ట్రిప్ మినప్పప్పు డబ్బాలోకి పోతుంది. జబ్బు ఉన్నా ఫర్వాలేదు, మందు కనబడకూడదు.

పెళ్లయ్యాక తగ్గకపోతే రెండో మందు, "ఒక్క కాన్పు అయితే పోతుంది". నొప్పి తగ్గడం కోసమని కడుపు తెచ్చుకోమని చెప్పొద్దని అదే గైడ్‌లైన్‌లో రాసుంది, చదివినవాళ్లు లేరు. ఈ జబ్బు వల్ల పిల్లలు పుట్టడమే కష్టమై తిరుగుతున్న మనిషికి పిల్లల్నే మందుగా రాయడానికి ఎంత గుండె ఉండాలి.

మూడోదానికొచ్చేసరికి నాకు వ్యంగ్యం రావట్లేదు. "ఇంక పిల్లలు చాలు కదా, సంచి తీయించేసుకో, క్యాన్సర్ అవుతుంది". 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి, 15-49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీసేసినవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతం అయితే ఆంధ్రలో 8.9, తెలంగాణలో 7.7. తప్పనిసరై తీసినవి ఉంటాయి, ఎవరు కాదన్నారు, కానీ మన ఆడవాళ్ల కడుపుల్లోనే అంత ప్రత్యేకంగా ఏం పాడైందిరా నాయనా? కూలికెళ్లే మనిషిని క్యాన్సర్ అని భయపెట్టి, పుస్తెలు తాకట్టు పెట్టించి, ముప్పై దాటీ దాటకుండానే సంచి కోసేసి, కొందరికి అండాశయాలు కూడా లాగేసి ఎముకలు గుల్ల చేసి పంపించారే, ఏ మొహం పెట్టుకుని దీన్ని వైద్యం అంటారు? ఆమెకి ఎండోమెట్రియోసిస్ ఉందో లేదో కనీసం చూసిందెవరు?

తీసేశాక కూడా పేగుల మీద మిగిలిపోయింది మిగిలే ఉంటుంది కాబట్టి నొప్పి మళ్లీ వస్తుంది, ఆవిడ మళ్లీ అదే ఆసుపత్రి మెట్లెక్కుతుంది. "సంచే లేదు కదమ్మా, ఇంక నొప్పెక్కడిది, అంతా నీ మనసులోనే" అని చెప్పి, కన్సల్టేషన్ ఫీజు తీసుకుని, యోగా రాస్తారు.