స్వయంభూ బ్యాండ్లు

రాప్ పలుకుకు మెటల్ గిటార్లు జోడించే రాప్ మెటల్ బ్యాండ్లు పుట్టవు, వెలుస్తాయి. ఈ విషయంలో వాటి పరిచయ పత్రాలన్నీ ఏకగ్రీవంగా ఉన్నాయి. మా సంగీతం ఏ కోవలోకీ రాదు, మేం ఎవరినీ అనుసరించం అని మొదటి పేరాలోనే ప్రకటించి ఉంటుంది. పక్కన ఫొటోలో ఒకడి టోపీ వెనక్కి తిరిగి ఉంటుంది, ఇంకొకడి గిటార్ మోకాళ్ల దాకా వేలాడుతుంటుంది, మూడోవాడు కెమెరా వైపు చూడడు. పాట పెట్టగానే గిటార్ ఆరో తీగ శ్రుతి ఇ నుంచి డి దాకా దిగి ఉంటుంది. ఇన్ని బ్యాండ్లు ఒకదానికొకటి తెలియకుండా అదే తీగను సరిగ్గా రెండు మెట్లే వదులు చేయడం ప్రకృతి వింతల్లో ఒకటి. దీన్ని కాపీ అనే కుసంస్కారులు కొందరున్నారు. వారిని ఖండించి, స్వయంభూ సిద్ధాంతాన్ని శాస్త్రోక్తంగా నిలబెట్టడమే ఈ వ్యాసం పని.

సిద్ధాంతానికి అడ్డొస్తున్నది క్యాలెండర్ ఒక్కటే. 1984లో రాప్ బృందం రన్-డిఎంసి 'రాక్ బాక్స్' పాట చేసింది. అందులో గిటార్ వాయించింది ఎడ్డీ మార్టినెజ్ అనే సెషన్ వాద్యకారుడు. రెండేళ్ల తర్వాత అదే రన్-డిఎంసి, రాక్ బ్యాండ్ ఏరోస్మిత్ 1975 నాటి పాటను ఏరోస్మిత్ వాళ్లనే పక్కన నిలబెట్టుకుని తిరగదోడింది. అంతవరకు హిప్‌హాప్ డీజేలకు ఆ రికార్డుతో ఉన్న పరిచయమల్లా మొదట్లో వచ్చే డ్రమ్స్ వరకే. గొంతు మొదలయ్యేలోపు సూదిని వెనక్కి తెచ్చేసేవారు. ఆ ఏడాదే బీస్టీ బాయ్స్ అనే రాప్ బృందం తొలి ఆల్బమ్‌లో ఒక సోలో వాయించడానికి మెటల్ బ్యాండ్ స్లేయర్ గిటారిస్టు కెర్రీ కింగ్ వచ్చాడు. ఇందులో విధి లీలేమీ లేదు, ఇద్దరికీ నిర్మాత రిక్ రూబిన్ ఒక్కడే. 1988లో పబ్లిక్ ఎనిమీ అనే రాప్ బృందం అదే స్లేయర్ పాటలోని ఒక రిఫ్‌ను, అంటే మళ్లీ మళ్లీ వచ్చే గిటార్ ముక్కను, కత్తిరించి శాంపిల్‌గా వాడుకుంది. అంతకు ముందు ఏడాది తన 'బ్రింగ్ ద నాయిజ్' పాటలో మెటల్ బ్యాండ్ ఆంత్రాక్స్ పేరు పలికింది. 1991లో ఆంత్రాక్స్ ఆ పాటనే పబ్లిక్ ఎనిమీతో కలిసి మళ్లీ రికార్డు చేసింది, అంటే తన పేరున్న పాటను తనే వాయించుకుంది. ఇందులో ఎవరు ఎవరి దగ్గర తీసుకున్నారో తేల్చడానికి కూర్చున్నవారు ఇంకా లేవలేదు.

అయితే ఈ చిక్కుముడిని అభిమానులు ఎప్పుడో విప్పేశారు. వారి శాస్త్రం ప్రకారం మౌలికతకు ఒక ఆఖరి తేదీ ఉంది. ఆ తేదీ వినేవాడికి పదహారేళ్లు నిండిన ఏడాదే కావడం కేవలం యాదృచ్ఛికం. 1986లో పదహారేళ్లవాడికి రేజ్ ఎగెన్‌స్ట్ ద మెషీన్ నకలు. 1992లో పదహారేళ్లవాడికి లింప్ బిజ్‌కిట్ నకలు. 1999లో లింప్ బిజ్‌కిట్ గాయకుడిలా ఎర్ర టోపీ కొనుక్కున్నవాడికి లింకిన్ పార్క్ నకలు. ఆ తర్వాతి వాడికి ఆ తర్వాతివన్నీ నకళ్లే. మరి తన పదహారో ఏటికి ముందున్నవో? వాటిని మూలాలు అంటారు, దణ్ణం పెట్టి పక్కనుంచుతారు, వినరు.

ఈ కొలబద్దను బ్యాండ్లవాళ్లే ఒకరిమీద ఒకరు ప్రయోగించుకున్న సందర్భమూ ఉంది. ఫెయిత్ నో మోర్ 1989 ఆల్బమ్‌లోని 'ఎపిక్' పాట పెద్ద హిట్ అయ్యాక, దాని గాయకుడు మైక్ పాటన్ తనను అనుకరిస్తున్నాడని రెడ్ హాట్ చిలీ పెప్పర్స్ గాయకుడు ఆంథొనీ కీడిస్ పత్రికాముఖంగా ఫిర్యాదు చేశాడు. ఆ కీడిస్‌కు పాడకుండా పలికి కూడా నెగ్గుకురావచ్చన్న ధైర్యం గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ రాప్ బృందాన్ని విన్నాకే వచ్చింది. గురువింద సామెత ఇక్కడ ఎవరికైనా గుర్తొస్తే అది వారి తప్పు. 1999 హాలోవీన్ నాటికి ఈ గొడవ పరాకాష్ఠకు చేరి, పాటన్ తన మరో బ్యాండ్ మిస్టర్ బంగిల్‌తో మిషిగన్‌లో చిలీ పెప్పర్స్ వేషాలు వేసుకుని వాళ్ల పాటలే వాయించాడు. అనుకరణ ఆరోపణకు వేషధారణతో సహా అనుకరించి జవాబు చెప్పడం సాహిత్య విమర్శలో కూడా ఇంకా రాని పద్ధతి.

సిద్ధాంతానికి ఆయువుపట్టు 1992లో ఉంది. రేజ్ ఎగెన్‌స్ట్ ద మెషీన్ తొలి ఆల్బమ్ అట్ట మీద, ఈ రికార్డులో శాంపిళ్లు గానీ కీబోర్డులు గానీ సింథసైజర్లు గానీ వాడలేదని రాసి ఉంటుంది. గిటార్ బ్యాండ్ అలా రాసుకోవాల్సిన అవసరం ఎందుకొచ్చిందంటే, దాని గిటారిస్టు టామ్ మొరెలో వాయింపు వింటే ఎవడో మూల నుంచి టర్న్‌టేబుల్ గీకుతున్నాడనే అనిపిస్తుంది. ఆయన తోటి గిటారిస్టుల వేళ్లు చూసినంతసేపూ డీజేల చేతులు కూడా చూశాడు. సామగ్రి చూస్తే నిరాశ కలుగుతుంది: ఒక మార్షల్ జేసీఎం 800 ఆంప్ హెడ్, ధ్వని రంగు మార్చే ఒక వా పెడల్, శ్రుతి మార్చే ఒక వామీ పెడల్, ప్రతిధ్వనికి ఒక డిలే. ఆయన గిటార్‌లో తీగల కంపనాన్ని పట్టే రెండు పికప్‌లకు వేర్వేరు వాల్యూమ్ నాబ్‌లుంటాయి. ఒకటి సున్నాకు తిప్పి, రెండోది పూర్తిగా పెంచి, వాటి మధ్య మార్చే టాగిల్ స్విచ్‌ను అటూఇటూ కొడితే శబ్దం తెగి తెగి వస్తుంది. ఒక చేత్తో తీగల్ని పికప్‌ల దగ్గర రుద్దుతూ, రెండో చేత్తో స్విచ్ కొడుతూ, కాలితో వా పెడల్‌ను తొక్కితే 1996 నాటి 'బుల్స్ ఆన్ పరేడ్' సోలో వస్తుంది.

స్వయంభువులు ఇక్కడే తమ స్వతంత్ర పరిశోధన మొదలుపెడతారు. ఒకే వాల్యూమ్ నాబ్ ఉన్న స్ట్రాటోకాస్టర్ తరహా గిటార్ మీద స్విచ్ టకటకలాడిస్తారు. పికప్ మారుతుంది, ధ్వని రంగు కాస్త మారుతుంది, శబ్దం మాత్రం తెగదు. రెండు వాల్యూమ్ నాబ్‌లున్న లెస్ పాల్ తరహా గిటార్ సంపాదించినవాడు స్విచ్‌ను నడిమి స్థానంలో వదిలేస్తాడు. మామూలు వైరింగ్‌లో అక్కడ ఒక వాల్యూమ్ సున్నాగా ఉంటే రెండో పికప్ కూడా మూగబోతుంది. సోలో మధ్యలో నాలుగు మాత్రల నిశ్శబ్దం. దాన్ని ప్రేక్షకులు రాజకీయ ప్రకటన అనుకుని చప్పట్లు కొడతారు. వామీ పెడల్‌ది ఇంకో కథ. శ్రుతిని ఆక్టేవ్, అంటే ఒక స్థాయి, పైకి ఎగరేసే ఆ పాత యంత్రం ఒక్కో స్వరాన్నే సరిగ్గా పట్టుకోగలదు. దానిలోకి రెండు మూడు తీగలు కలిపి కొట్టే పవర్ కార్డ్ పంపితే తడబడి గరగరలాడుతుంది. ధ్వనిని గరుకు చేసే డిస్టార్షన్ తర్వాత పెడితే ఇంకా అధ్వానం, కాబట్టి ముందు పెట్టాలి. ఈ గరగరను ప్రయోగం అని పిలవడం మాత్రం స్వయంభువుల సొంత ఆవిష్కారమే. ఎవరూ నేర్పలేదు.

మొరెలో డీజేని కాపీ కొట్టాడు, వీళ్లు మొరెలోని కాపీ కొడుతున్నారు. రెండూ కాపీలే. కాకపోతే మొదటి దాంట్లో మధ్యలో ఒక వాద్యం మారింది, కాబట్టి ఎక్కడో ఒకచోట కొత్తగా ఆలోచించక తప్పలేదు. రెండో దాంట్లో గిటార్ నుంచి గిటార్‌కే వచ్చింది, మధ్యలో మారిందల్లా పెడల్ కొన్న రసీదు. ఈ తేడా ఎత్తిచూపేవాడితో స్నేహం తగ్గించుకోవాలి.

శ్రుతి విషయంలో మన బ్యాండ్ల మౌలికత లోతుకు దిగింది, అక్షరాలా. తీగను డి కి దింపితే అడుగు మూడు తీగల మీద ఒక్క వేలు అడ్డంగా పెట్టి పవర్ కార్డ్ కొట్టొచ్చు, గెంతుతూ కూడా తప్పు పోదు. అందరూ అలా చేయడానికి కారణం ఇంతే, తత్వశాస్త్రం కాదు. 1994లో కోర్న్ అనే బ్యాండ్ ఏడు తీగల ఐబనెజ్ గిటార్లు పట్టుకుని, వాటినీ ఒక స్వరం దింపి, అడుగు తీగను ఎ దగ్గర నిలబెట్టింది. అప్పటి నుంచి పక్కవాడికంటే అర స్వరం కిందకు దిగినవాడే మౌలికుడు. చిక్కేమిటంటే భౌతికశాస్త్రం కూడా ప్రభావాలకు లొంగదు. ఇరవై అయిదున్నర అంగుళాల స్కేలున్న గిటార్‌కు 10-46 తీగలు (మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో) వేసుకుంటే డి దాకా ఫర్వాలేదు. సి కి దించాలంటే అడుగు తీగ 52 పైన ఉండాలి, ఎ కి అయితే 60 దాటాలి. పాత తీగలతోనే దిగితే అవి బట్టలారేసే తాడులా ఊగుతాయి. గట్టిగా కొట్టిన ప్రతిసారీ శ్రుతి పైకి లేచి, తర్వాత తీరిగ్గా చోటికొస్తుంది. ఆ ఎ స్వరం 55 హెర్ట్జ్. దానికి ఆక్టేవ్ కింద నడిచే బేస్ 27.5 హెర్ట్జ్. సాధారణ హాలు స్పీకర్లలో అది వినపడదు, కిక్ డ్రమ్ పక్కన బురదలా తెలుస్తుంది. ఆ బురద కనపడకుండా గిటారిస్టు ఆంప్ మీద మిడ్స్, అంటే మధ్య స్థాయి ధ్వనులు, పూర్తిగా తగ్గిస్తాడు. గదిలో ఒంటరిగా వాయించేటప్పుడు పర్వతంలా ఉన్న ధ్వని వేదిక మీద సింబల్స్ కిందకు జారి మాయమవుతుంది. పాట హెవీగా ఉందని నమ్మేవాళ్లు చివరికి వాయించేవాళ్లే.

గిటార్ ఇంత కిందకు ప్రయాణిస్తుంటే, నోరు మాత్రం ఉన్నచోటే ఉండిపోయింది. నిజానికి ఈ రంగంలో మాట్లాడాల్సిన అనుకరణ ఇదొక్కటే, ఎవరూ మాట్లాడరు. రన్-డిఎంసి కాలపు రాప్‌లో నాలుగో మాత్ర దగ్గర ప్రాస పడుతుంది, పక్కవాడు ఆ చివరి మాటను కలిసి అరుస్తాడు. 1987లో ఎరిక్ బి అండ్ రకీమ్ తొలి ఆల్బమ్‌తో రకీమ్ వచ్చి ప్రాసను పాదం లోపలికి తెచ్చాడు, వాక్యాన్ని గీత దాటించాడు, అరవకుండా పలికాడు. హిప్‌హాప్ ఆ దారిన వెళ్లిపోయింది. మెటల్ వైపు జరిగిన దిగుమతి మాత్రం 1986 సరుకు దగ్గరే ఆగింది. దానికి కారణం అరుపు. వెనక రెండు గిటార్లు మోగుతుంటే, లోపలి ప్రాసలోని మెత్తని హల్లులు వినపడవు, పాదాంతంలో పడే పిడిగుద్దు ఒక్కటే వినపడుతుంది. పైగా రాక్ డ్రమ్మర్ తాళాన్ని ముందుకు తోస్తాడు, రాపర్ తాళం వెనక వాలి నడవాలనుకుంటాడు. ఇద్దరూ రాజీపడితే ఇద్దరూ సరిగ్గా తాళం మీద పడతారు, అప్పుడది కవాతు అవుతుంది. మందు తెలియనిదేం కాదు. రాప్ నడిచేటప్పుడు గిటార్ నోరు మూసుకోవాలి, బేసూ డ్రమ్సూ మోయాలి. రేజ్ పాటల్లో చరణాలు చాలా వరకు అలాగే ఉంటాయి. కానీ నోరు మూసుకోమని గిటారిస్టుకు చెప్పే సభ్యుడు ఇంతవరకు ఏ బ్యాండ్‌లోనూ వెలవలేదు.

రాపర్ తన వంతు చేయకుండా ఉండడు. మైక్ తలకాయను పిడికిట్లో మూసి పట్టుకుంటాడు, ఫొటోలో బాగుంటుంది. వెనక నుంచి వచ్చే శబ్దాన్ని వడగట్టడానికి ఆ మైక్‌కు ఉన్న రంధ్రాలన్నీ అలా మూసుకుపోతాయి. అప్పుడది అన్నివైపుల నుంచీ వింటుంది, వేదిక మీది మానిటర్ స్పీకర్‌ను కూడా వింటుంది, కూత పెడుతుంది. సౌండ్ ఇంజినీర్ మాస్టర్ తగ్గిస్తాడు. రాపర్ ఇంకా గట్టిగా పట్టుకుంటాడు.

ఇక వారసత్వ వివాదాలు. 2000 సెప్టెంబర్‌లో ఎమ్‌టీవీ అవార్డుల వేడుకలో ఉత్తమ రాక్ వీడియో బహుమతి రేజ్‌కు రాకుండా లింప్ బిజ్‌కిట్‌కు వచ్చింది. రేజ్ బేసిస్టు టిమ్ కామర్‌ఫోర్డ్ వేదిక మీది అలంకరణ ఎక్కి దిగనని కూర్చున్నాడు. చివరికి పోలీసులు తీసుకెళ్లారు. చాలా ఏళ్ల తర్వాత ఆయనే, తమవల్ల లింప్ బిజ్‌కిట్ లాంటి బ్యాండ్లు పుట్టినందుకు క్షమాపణలు కూడా చెప్పాడు. ప్రభావితం చేసినవాడే ప్రభావానికి చింతించడం అరుదు. లింప్ బిజ్‌కిట్ మాత్రం చింతించినట్టు లేదు. ఆ అక్టోబర్‌లో వచ్చిన ఆల్బమ్ అమెరికాలో తొలివారంలోనే 10 లక్షలకు పైగా అమ్ముడైంది. ఆ నెలలోనే లింకిన్ పార్క్ 'హైబ్రిడ్ థియరీ' కూడా వచ్చింది. రాప్ ఒకడికి, పాట ఇంకొకడికి అని పని పంచుకుని, ఏ పాటనూ నాలుగు నిమిషాలు దాటనివ్వకుండా ముగించారు. ఆ పొదుపును మాత్రం తర్వాతివాళ్లలో ఎవరూ కాపీ కొట్టలేదు.

స్వయంభువులను బాగా ఇబ్బంది పెట్టే వస్తువు ఒకటుంది, దాన్ని ఎక్కడా వినిపించకండి. మెంఫిస్ మిన్నీ, కాన్సాస్ జో మెకాయ్ 1929లో మిసిసిపీ వరదల మీద ఒక బ్లూస్ రికార్డు చేశారు. 1971లో లెడ్ జెపెలిన్ ఆ పాటను తీసుకుని, మెట్ల హాలులో డ్రమ్స్ పెట్టి, పైన మైకులు వేలాడదీసి రికార్డు చేసింది. 1986లో బీస్టీ బాయ్స్ ఆ డ్రమ్స్‌ను కోసుకొచ్చి, పైన బ్లాక్ సబత్ రిఫ్ అతికించి, ఆల్బమ్‌లో మొదటి పాటగా పెట్టారు. 'రైమిన్ అండ్ స్టీలిన్' అనే ఆ పాట పేరులోనే దొంగతనం ఉంది, దాచుకోలేదు. ఇంతమంది చేతులు మారిన ఆ దెబ్బ ఇప్పటికీ కొత్తగానే మోగుతుంది, ఎందుకంటే ప్రతి చేతిలోనూ దానికి ఏదో ఒకటి జరిగింది. పాట నెమ్మదించింది, గది మారింది, లూప్ అయింది. మన స్వయంభువు చేతిలో పడితే దానికి ఏమీ జరగదు, భద్రంగా ఉంటుంది.

కాబట్టి కొత్త బ్యాండ్లకు ఆచరణీయమైన సలహా ఇంటర్వ్యూ గురించే. మీ మీద ఎవరి ప్రభావం ఉందని అడుగుతారు. అప్పుడు రేజ్ పేరు, కోర్న్ పేరు ఎత్తొద్దు. రష్యాలోని తువా ప్రాంతపు కంఠగానమనో, 1950ల జాజ్ పియానో అనో చెప్పండి, విలేకరి వెళ్లి విని సరిచూడడు. ప్రకృతి, వేదన, నగర జీవితం కూడా చెల్లుతాయి. టాగిల్ స్విచ్ గురించి అడిగితే, చిన్నప్పుడు లైట్ స్విచ్‌తో ఆడుకునేవాణ్నని అనండి. అన్నిటికంటే ముఖ్యం, ఆ గదిలోకి డ్రమ్మర్‌ను రానివ్వకండి. వాడు నిజంగా ఏం వింటాడో చెప్పేస్తాడు.