బోర్డు మార్చాలా, బాగుచేయాలా?

శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర చిన్న రిపేరు షాపు. నరసన్నపేట నుంచి బీకాం చివరి ఏడాది చదివే అమ్మాయి తెచ్చిన లాప్‌టాప్ బల్ల మీద విప్పి ఉంది. అస్సలు ఆన్ కావడం లేదు. లోపలి మదర్‌బోర్డు పోయింది, మారిస్తే 18,000 అవుతుందని ఇంకెక్కడో చెప్పారట. బాగుచేసేది మావయ్య. మేనల్లుడు కొత్తవి అమ్మే షోరూమ్‌లో పని చేస్తాడు. ఇద్దరూ ఆ పిల్ల మంచి కోరే మాట్లాడారు, అందుకే ఇది రాయాలనిపించింది.

మేనల్లుడు: మావయ్యా, ఇది ఇంటెల్ ఆరో తరం ప్రాసెసర్, బాగా పాతది. దీని మీద ఇంకా డబ్బు పోయించడం న్యాయమేనా?

మావయ్య: ముందు ఇటు చూడరా. చార్జర్ నుంచి వచ్చే 19 వోల్టుల లైను షార్ట్ అయింది. బోర్డంతా ఇట్టే ఆరిపోయే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ రాశాను. ఇప్పుడు బయటి సప్లై నుంచి ఒక్క వోల్టు ఇస్తున్నా. ఎక్కడ ముందు ఆరుతుందో చూడు.

(తడి మెరుపు మధ్యలో ఒక్క చోట పొడి మచ్చ పడింది. అక్కడ ఆవగింజంత కెపాసిటర్. వేడెక్కి తనంతట తనే దొరికిపోయింది.)

మావయ్య: ఈ గింజ కోసం 18,000 అడిగారు. మార్చి ఇస్తే నేను తీసుకునేది 1,200.

మేనల్లుడు: అది ఎందుకు పోయిందో చెప్పు మరి. ఆ మూల పచ్చగా చిలుము పట్టింది చూడు, తేమ దిగింది. ఇవాళ ఇది, వచ్చే నెల ఇంకోటి. మూడుసార్లు తిరిగితే బస్సు చార్జీలు, పాఠాలు, టెన్షన్ అన్నీ ఆ పిల్లకే.

మావయ్య: పచ్చ ఆ మూలే ఉంది, చిప్పుల కిందకి పోలేదు. బ్రష్షుతో కడిగి, లెన్సు కింద చూసే ఇస్తాను. తిత్లీ తుపాను వచ్చింది 2018 అక్టోబరు 11న. ఆ తర్వాత పలాస వైపు నుంచి నీళ్లు తాగినవి ఎన్ని వచ్చాయో! ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు పడిపోయినవాళ్లకి కొత్తది కొనుక్కోండని ఏ నోటితో చెప్పను?

మేనల్లుడు: అది ఆపద, ఒప్పుకుంటాను. కానీ విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో మద్దతు ఆగిపోయింది. విండోస్ 11 ఒకటి రెండు మినహాయిస్తే ఎనిమిదో తరం నుంచే అధికారికంగా ఎక్కుతుంది. నువ్వు విండోస్ బదులు లినక్స్ వేస్తానంటావు. ఆ అమ్మాయి నేర్చుకునేది టాలీ, జమాఖర్చులు రాసేది. అది విండోస్ కోసం చేసిన సాఫ్ట్‌వేర్.

(మావయ్య స్క్రూడ్రైవర్ పక్కన పెట్టాడు. ఈ మాట తేలిగ్గా తీసేసేది కాదు.)

మావయ్య: నిజమే. కానీ మైక్రోసాఫ్ట్ దగ్గర నమోదు చేసుకున్నవాళ్లకి 2026 అక్టోబరు 13 దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తాయి. ఈలోపు ఆ పిల్ల చదువు అయిపోతుంది. ఉద్యోగం వచ్చాక తన జీతంతో కొనుక్కుంటుంది. ఇప్పుడు కొంటే వాళ్ల నాన్న అప్పు చేయాలి.

మేనల్లుడు: మరి ఈ బ్యాటరీ? ఉబ్బి టచ్‌ప్యాడ్‌ని పైకి లేపేసింది.

మావయ్య: దాని మీద వాదన లేదు. ఉబ్బిన బ్యాటరీకి ఏదైనా గుచ్చుకుంటే మంట లేవొచ్చు. మార్చాల్సిందే. పాతదాన్ని చెత్తబుట్టలో కాదు, ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకే ఇస్తాను.

మేనల్లుడు: అయితే బిల్లు మీద రాయి, తేమ తగిలిన బోర్డు అని. దాచి పంపకు.

మావయ్య: రాస్తాను. ఆరు నెలల్లో ఇదే లైను మళ్లీ షార్ట్ అయితే పైసా తీసుకోనని కూడా రాస్తాను.

మేనల్లుడు: వేరే చోట పోతే?

మావయ్య: అప్పుడు ఇక దీని మీద ఖర్చు పెట్టొద్దని ఆ అమ్మాయికి నేనే చెప్తాను. సర్లే, ఆ టార్చి ఇలా పట్టు, టంకం పెట్టాలి.