పదో నంబరు స్పానరు

మంగళగిరి పానకాలస్వామికి అత్తయ్యగారి మొక్కు. ఎండెక్కేలోగా కొండెక్కాలని ఆదివారం పొద్దున్న ఆరున్నరకే బయల్దేరాం. సెల్లారు ర్యాంపు ఎక్కాక మా పటమట సందులోకి కుడివైపు తిప్పాలి. తిప్పాను. కారు తిరగలేదు. సీట్లోంచి సగం లేచి, పళ్ళు బిగించి తిప్పితే, కందులు విసిరే తిరగలిలా అంగుళం కదిలింది. ముందు చక్రం ఎదురింటివాళ్ళు అప్పుడే పెట్టిన ముగ్గు మీదికెక్కి ఆగింది. డ్యాష్‌బోర్డు మీద పసుప్పచ్చటి స్టీరింగు బొమ్మ వెలిగింది. దాని పక్కనే ఆశ్చర్యార్థకం. ఆశ్చర్యపోవాల్సింది నేనైతే, మధ్యలో దానికెందుకో!

"ఏమైందండీ?" అంది మా ఆవిడ.

"పవర్ స్టీరింగు పోయింది."

"పవరు పోతే వోల్టేజీ ఏమన్నా తక్కువుందేమో చూడు బాబూ, మా ఊళ్ళో ఫ్రిజ్జు ఇంతే," అన్నారు వెనక సీట్లోంచి అత్తయ్యగారు.

నవ్వాను. బాగా నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

నట్టు దగ్గర్నుంచి లారీ బాడీ దాకా అన్నీ దొరికే ఆటోనగర్ మాకు కూతవేటు దూరం. ఫోన్ చేస్తే మెకానిక్కు వస్తాడు. కానీ ఇంజినీరింగు చదివినవాణ్ణి, అత్తగారి ముందు మెకానిక్కును పిలవడమా? చదివింది సివిల్ అయితేనేం, బోనెట్టు ఎత్తడం వచ్చు కదా! ముగ్గు మీంచి మెల్లగా వెనక్కి లాగి, మళ్ళీ సెల్లార్లో పెట్టేసరికి భుజాలు పట్టేశాయి.

బోనెట్టు ఎత్తడమంటే మా అపార్టుమెంటులో దండోరా వేయించినట్టే. ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరైన మూడో ఫ్లోరు బాబాయిగారు పాల ప్యాకెట్టుతో సహా దిగిపోయారు.

"మా రోజుల్లో బస్సుకి పవరూ లేదు, గివరూ లేదురా అబ్బాయ్. మా భుజాలే పవర్ స్టీరింగు," అని తన చొక్కా చెయ్యి మడిచి సాక్ష్యం చూపించారు. తర్వాత పాఠం మొదలెట్టారు. "ఇంజను బెల్టుతో పంపు తిరుగుద్ది. పంపు ఆయిల్ని తోస్తది. ఆ తోపుకే నీ చెయ్యి తేలికవుద్ది. ఆయిల్ తగ్గితే తిప్పినప్పుడల్లా పంపు కుయ్యోమని ఏడుస్తది. తిప్పి చూడు."

తిప్పాను. చప్పుడు లేదు.

"ఆయిల్ బొత్తిగా లేదన్నమాట. ఏడవడానిక్కూడా ఓపిక లేదు దానికి," అని తీర్పిచ్చారు.

స్కూటరేసుకెళ్ళి లీటరు డబ్బా తెచ్చాను. దానిమ్మరసంలా ఎర్రగా, చూడముచ్చటగా ఉంది. ఇక పోయడమే తరువాయి. ఎక్కడ పొయ్యాలన్నదే ప్రశ్న.

నీలం నీళ్ళున్నది అద్దం కడిగే ట్యాంకు. ఆకుపచ్చగా ఉన్నది రేడియేటరు కూలెంటు. మూలన పసుపు నూనెతో చిన్న డబ్బా ఒకటుంది. "అదే, పొయ్యి!" అన్నారు బాబాయిగారు. మూత తిప్పబోతుంటే దాని మీద 'డాట్ 3' అని కనబడింది. బ్రేక్ ఆయిల్! అందులో ఈ ఎర్రనూనె పడితే లోపలి రబ్బరు సీళ్ళు ఉబ్బిపోయి బ్రేకులు దెబ్బతింటాయి. అప్పుడు కారు తిరగనూ తిరగదు, ఆగనూ ఆగదు. చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఆ రోజు నేను చేసిన తెలివైన పని అదొక్కటే కాబట్టి ఇక్కడ ప్రత్యేకంగా నమోదు చేస్తున్నాను.

గంటన్నర వెతికాం. టార్చిలైటు వేసి, అద్దం పెట్టి, చివరికి చాప పరుచుకుని కారు కిందికి దూరి కూడా చూశాను. పానకాలస్వామి ఎంత పోసినా సగమే తాగి మిగతా సగం మనకే ఇస్తాడంటారు. నా కారు అసలు నోరే చూపించలేదు.

శ్రమంతా వృథా పోయిందని మాత్రం అనలేను. బ్యాటరీ పక్క సందులో, రెండు వారాలుగా ఇల్లంతా వెతుకుతున్న పదో నంబరు స్పానరు దొరికింది! పోయిన పిల్లాడు దొరికినంత సంతోషమేసింది. అదక్కడికి ఎలా వచ్చిందా అని క్షణం కూడా ఆలోచించకుండా తుడిచి జేబులో వేసుకున్నాను.

తర్వాత సాంకేతిక పరిజ్ఞానం దించాను. ఎప్పుడో ఆన్‌లైన్లో చవగ్గా కొన్న స్కానరు స్టీరింగు కింద గుచ్చి ఫోనుకి కలిపితే, లోపాలేమీ లేవని పచ్చ టిక్కు పెట్టింది. అలాంటి చవక స్కానర్లు చాలావరకు ఇంజను కబుర్లే తప్ప స్టీరింగు సంగతి చదవలేవట, ఈ ముక్క తర్వాత తెలిసింది. మల్టీమీటరు తెచ్చి, బ్యాటరీ మీద వైర్లు తగిలించే సీసపు మొలకలకి దాని రెండు పుల్లలూ ఆనించాను. 12.5 వోల్టులు. భేషుగ్గా ఉంది. "కరెంటు లోపం కాదు," అని అత్తయ్యగారికి వినబడేలా ప్రకటించాను.

అప్పుడు దిగింది మా ఆవిడ. చేతిలో కారు కొన్నప్పుడు ఇచ్చిన పుస్తకం. 2014లో వచ్చిన ప్లాస్టిక్ కవరు అప్పటిదాకా చిరగలేదు.

"ఏవండీ, ఇందులో ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగు అని రాసుందే. ఆయిల్ ఊసే లేదు."

బాబాయిగారు పాల ప్యాకెట్టు గుర్తొచ్చి లిఫ్టు వైపు నడిచారు.

ఇక పరువు చూసుకోకుండా ఫోన్ చేశాను. ఆటో ఎలక్ట్రీషియన్ కుర్రాడు పావుగంటలో వచ్చాడు. "పొద్దున సెల్ఫ్ నీరసంగా తిరిగిందా సార్?" తిరిగింది. "హారన్ జలుబు చేసినట్టుందా?" ఉంది, వారం నుంచీ. కుర్రాడు బ్యాటరీ నెగటివ్ క్లాంపు, అంటే వైరుని మొలకకి పట్టి ఉంచే బిగింపు, రెండు వేళ్ళతో పట్టుకుని తిప్పాడు. సోడాసీసా గోళీలా గిర్రున తిరిగింది.

ఇందులో పంపు ఉండదట, స్టీరింగు కడ్డీకి మోటారు ఉంటుందట. మనం తిప్పగానే ఎంత బలం పెడుతున్నామో లోపలి సెన్సరు కనిపెడుతుంది, మోటారు ఆ మేరకు సాయం పడుతుంది. అలా పట్టినప్పుడల్లా బోలెడు కరెంటు లాగుతుంది. క్లాంపు వదులైతే ఆ లాగుడుకి వోల్టేజీ పడిపోతుంది, దాంతో కంప్యూటరు మోటారుని పక్కన పెట్టేసి పని మన భుజాలకే అప్పజెబుతుంది. ఎండాకాలం వోల్టేజీ పడిపోతే ఫ్రిజ్జు స్టెబిలైజరు టక్కుమని ఆపేసినట్టు. నేను మీటరు పెట్టింది మొలకల మీద. దొంగ ఉన్నది మొలకకీ క్లాంపుకీ మధ్య.

"ఎవరో చేత్తో బిగించారు సార్," అన్నాడు కుర్రాడు.

మా ఆవిడ నా వైపు చూసింది. "రెండు వారాల కింద బ్యాటరీ శుభ్రం చేస్తానని విప్పారు. స్పానరు కనబడట్లేదని చేత్తోనే బిగించేశారు. ఆవేళే కదా?"

నేను సెల్లారు పైకప్పు పరిశీలిస్తున్నాను. సివిల్ ఇంజినీర్ని కదా, అక్కడ ఏదో చీలికలా అనిపించింది.

"పది స్పానరుందా సార్? నాది షాపులో వదిలేశా," అన్నాడు కుర్రాడు.

జేబులోంచి తీసిచ్చాను.

రెండే రెండు మలుపులు. ఇంజను స్టార్ట్ చేస్తే పసుప్పచ్చ బొమ్మ మాయం. స్టీరింగు చిటికెన వేలితో తిరిగింది. మంగళగిరి చేరేసరికి నడినెత్తిన ఎండ. అత్తయ్యగారు దారి పొడవునా ఒక్క మాట కూడా అనలేదు. అని ఉంటేనే బావుండేది.

ఎర్రనూనె డబ్బా కొట్టువాడు వెనక్కి తీసుకోలేదు. తెచ్చి వంటింటి అటక మీద పెట్టాను, ఆవకాయ జాడీల వరసలో. మర్నాడు చూస్తే దాని మీద అన్నం మెతుకులతో అంటించిన కాగితం, అత్తయ్యగారి గుండ్రటి దస్తూరీ: 'అల్లుడుగారి నూనె. కూరల్లో వాడరాదు. కారులోనూ వాడరాదు.'