కీర్తిశేషులు 66ఏ సెక్షన్ గారికి

అయ్యా,

పోయినవారిని క్షేమమా అని అడగకూడదు కాబట్టి నేరుగా విషయానికి వస్తాను. మీరు చెల్లరని కొట్టేయడంతో మీరు పోయింది 2015 మార్చి 24న, సుప్రీంకోర్టులో, జస్టిస్ చలమేశ్వర్, జస్టిస్ నారిమన్ ఎదుట. చలమేశ్వర్ గారు మన కృష్ణా జిల్లా వారే. మనవాళ్ల చేతుల మీదుగా వెళ్లారు, అదొక తృప్తి.

2008 సవరణతో ఐటీ చట్టంలోకి వచ్చినప్పుడు ఆన్‌లైన్‌లో జనానికి మీరే రక్ష అన్నారు. తీరా చూస్తే మీ ఒంటినిండా ‘చిరాకు’, ‘అసౌకర్యం’ లాంటి మాటలే. అవి కలిగించే సందేశం ఆన్‌లైన్‌లో పంపితే 3 ఏళ్ల దాకా జైలు! ఆ లెక్కన తెల్లవారకముందే కుటుంబ గ్రూపులో పూలబొమ్మలు పంపే మా మేనమామకు యావజ్జీవం పడాలి. ఆయన జోలికి మీరు వెళ్లలేదు. 2012లో ముంబయి బంద్ ఎందుకని ఫేస్‌బుక్‌లో అడిగిన అమ్మాయినీ, దానికి లైక్ కొట్టిన స్నేహితురాలినీ పాల్ఘర్‌లో అరెస్టు చేసినప్పుడు మాత్రం మీ పేరు వినిపించింది.

సరే, పోయారు కదా అనుకున్నాం. 2021లో చూస్తే 11 రాష్ట్రాల్లో 745 కేసులు ఇంకా మీ పేరు మీదే నడుస్తున్నాయని తేలింది. కోర్టే నివ్వెరపోయింది. చట్టం పుస్తకంలో మీరు నిక్షేపంగా అచ్చయి ఉన్నారనీ, కొట్టేసిన సంగతి అడుగున ఫుట్‌నోట్‌లో ఉందనీ అటార్నీ జనరల్ వివరించారు. పోలీసులు అంత కిందికి చదవరట. కాకి పిండం ముట్టకపోతే పోయినవారికి ఏదో కోరిక మిగిలిందంటారు. 2022 అక్టోబరులో కోర్టు మీకు మరోసారి కర్మకాండ జరిపించాల్సి వచ్చింది.

మా పక్కింటి అమ్మాయి ముఖాన్ని ఎవరో వేరే ఒంటికి అతికించి ఊరంతా పంచారు. వాళ్ల నాన్నకు తోడుగా నేనూ స్టేషనుకు వెళ్లాను. ఫోను చూపిస్తే చాలదు, రంగుల ప్రింట్లు రెండు సెట్లు కావాలన్నారు. జిరాక్స్ షాపులో యంత్రం ఒక్కో కాగితాన్నీ మెల్లగా బయటికి తోస్తుంటే, ఆయన దానిమీద అరచేయి కప్పి నిలబడ్డారు. వెనకాల ఆధార్ కాపీల కోసం నలుగురు. ఇలాంటివాటికి, ఆన్‌లైన్‌లో అశ్లీలం పంచేవారిని శిక్షించే మీ చుట్టం 67వ సెక్షన్ బతికే ఉన్నాడు, కానీ ఆయన్ను నిద్ర లేపేవారు లేరు. నాయకుడి మీద కార్టూను వచ్చిందా, చచ్చిన మీరే లేచి వస్తారు.

అన్నట్టు, మీ తీర్పులోనే, ఆన్‌లైన్‌లో ఉన్నవాటిని మూయించే అధికారం ప్రభుత్వానికిచ్చే మీ తమ్ముడు 69ఏ గట్టెక్కాడు. దేన్ని మూయించినా కారణం రాసిపెడతారు, దాన్ని కోర్టులో ప్రశ్నించవచ్చు అన్న ధీమాతో వదిలేశారు. రాసింది గోప్యంగా ఉంచాలన్న నిబంధనా ఉంది మరి. బీరువాలో ఉన్న కారణాన్ని ఎలా ప్రశ్నించాలో, ఆ కిటుకు తెలిస్తే కలలోకి వచ్చి చెప్పగలరు.

ఈ ఉత్తరం మీకు చిరాకో అసౌకర్యమో కలిగిస్తే, కేసు పెట్టేవారిని ముందు పేజీ అడుగున ఉన్న చిన్న అక్షరాలు చదవమనండి.

ఇట్లు,
కళ్లజోడున్న ఒక పౌరుడు